బ్యాంకు దూరాన్ని ఇన్‌స్ట్రుమెంట్‌గా పెట్టొచ్చా? పంట అప్పు, పత్తి ఆదాయం లెక్క గురించి

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను. మీరు హైదరాబాద్‌లో ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నారు. ఉమ్మడి వరంగల్, నల్గొండ జిల్లాల్లో 30 ఊళ్లు, ఊరికి 20 చొప్పున 600 పత్తి రైతు కుటుంబాల డేటా ఉంది. బ్యాంకు పంట అప్పు దొరికిన రైతుకు ఎకరా నికరాదాయం ఎంత పెరుగుతుందో తేల్చాలి. మామూలు రిగ్రెషన్‌లో, అంటే అప్పున్నవాళ్ల, లేనివాళ్ల ఆదాయాలను నేరుగా పోలిస్తే, 3,000 రూపాయలు వచ్చింది. ఊరికి 5 కిలోమీటర్ల లోపు బ్రాంచి ఉందా లేదా అన్నదాన్ని ఇన్‌స్ట్రుమెంట్‌గా, అంటే అప్పును బయటి నుంచి కదిలించే అంశంగా, పెట్టమని గైడ్ అన్నారు. పెడితే 15,000 వచ్చింది, ఫస్ట్ స్టేజ్ ఎఫ్ విలువ (బ్రాంచి దగ్గరుండడం అప్పును ఎంత బలంగా కదిలిస్తుందో చెప్పే అంకె) 7.8. ఇది థీసిస్‌లో నిలబడుతుందా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడున్న రూపంలో నిలబడదు. కారణాలు రెండు. ఇన్‌స్ట్రుమెంట్ బలహీనంగా ఉంది, ఇది చిన్న కారణం. బ్యాంకు దగ్గరగా ఉండడమంటే అప్పు ఒక్కటే దగ్గరగా ఉండడం కాదు, ఇది పెద్ద కారణం. మొదటిదానికి లెక్కల్లో ఎంతో కొంత మందు ఉంది. రెండోదానికి సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు, ఊళ్లోకి వెళ్లి వెతకాల్సిందే.

పెద్దదాంతోనే మొదలుపెడతాను.

అసలు ఇన్‌స్ట్రుమెంట్ అవసరం ఎందుకొచ్చింది? అప్పు తీసుకునే రైతు, తీసుకోని రైతు ఒకలాంటివాళ్లు కాదు. పట్టాదారు పాస్‌బుక్ ఉన్నవాడికి, పాత బాకీ లేనివాడికి, బోరు ఉన్నవాడికి, బ్యాంకులో మాట్లాడగలిగినవాడికి అప్పు తేలిగ్గా వస్తుంది. అతనికి పంట కూడా బాగానే వస్తుంది. ఆ 3,000లో అప్పు చేసిన మేలెంత, రైతు సత్తువెంత అన్నది విడదీయలేం. అందుకని రైతు గుణంతో సంబంధం లేకుండా అప్పును కదిలించే బయటి శక్తి ఒకటి కావాలి. ఆ శక్తి ఆదాయాన్ని అప్పు దారిలో మాత్రమే తాకాలి, ఇంకే దారిలోనూ తాకకూడదు. ఇన్‌స్ట్రుమెంట్‌కు పెట్టే షరతుల్లో డేటా చూసి నేరుగా నిరూపించలేనిది ఇదే. వాదించి ఒప్పించాల్సిందే.

బ్యాంకు దూరానికి ఆ వాదన ఎక్కడ తెగుతుందో చూడండి. బ్రాంచి ఎక్కువగా మండల కేంద్రంలో ఉంటుంది. ఎరువుల షాపు, వ్యవసాయాధికారి ఆఫీసు, తారురోడ్డు, పత్తి కొనే వ్యాపారి, చాలాచోట్ల జిన్నింగ్ మిల్లు కూడా అక్కడే ఉంటాయి. బ్యాంకుకు 3 కిలోమీటర్లలో ఉన్న ఊరు వీటన్నిటికీ 3 కిలోమీటర్లలోనే ఉంటుంది.

మీ అంకెలతోనే లెక్క వేద్దాం. 15,000 ఎక్కడి నుంచి వచ్చింది? ఒక ఇన్‌స్ట్రుమెంట్, అదీ అవును-కాదు రకం అయినప్పుడు టూ-స్టేజ్ అంచనా (మొదట దూరం నుంచి అప్పును, తర్వాత ఆ అప్పు నుంచి ఆదాయాన్ని లెక్కేసేది) అంటే ఒక భాగహారమే. మీ పట్టిక ప్రకారం దగ్గరి ఊళ్లలో అప్పు తీసుకున్నవాళ్లు 46 శాతం, దూరపు ఊళ్లలో 38 శాతం. తేడా 0.08. దగ్గరి ఊళ్లలో ఎకరా ఆదాయం 1,200 రూపాయలు ఎక్కువ. 1,200ను 0.08తో భాగిస్తే 15,000. అంతకుమించి అందులో ఏమీ లేదు.

0.08తో భాగించడమంటే 12.5తో గుణించడం. దూరం ఆదాయాన్ని వేరే దారిలో ఒక్క రూపాయి తాకినా మీ అంచనాలో అది 12 రూపాయల 50 పైసల తప్పుగా తేలుతుంది. మరి 15,000 కాస్తా మామూలు రిగ్రెషన్ చెప్పిన 3,000కి దిగడానికి పక్కదారి ప్రభావం ఎంత ఉంటే చాలు? 1,200లోంచి 960 తీసేస్తే 240 మిగులుతుంది. దాన్ని 0.08తో భాగిస్తే సరిగ్గా 3,000. అంటే ఎకరాకు 960 రూపాయలు. ఎకరాకు 8 క్వింటాళ్ల పత్తి అనుకుంటే క్వింటాకు 120 రూపాయలు. మిల్లు దగ్గరున్న ఊరి రైతు తన పత్తిని తానే ట్రాలీలో వేసుకెళ్లి అమ్ముకుంటాడు. లోపలి ఊరి రైతు ఇంటి దగ్గరికే వచ్చిన దళారీ చెప్పిన ధరకు ఇస్తాడు. వీళ్లిద్దరి చేతికందే ధరలో, కిరాయి, తరుగు కలుపుకుని, క్వింటాకు 120 తేడా ఉండడం ఏమంత వింత? 15,000లో ఐదింట నాలుగు వంతులు అక్కడే కరిగిపోతాయి.

ఈ లెక్కను మీ అధ్యాయంలో తప్పకుండా పెట్టండి. నా అంచనా సున్నా కావాలంటే పక్కదారి ప్రభావం ఇంత ఉండాలి, సగం కావాలంటే ఇంత ఉండాలి అని రాస్తే, చదివేవాళ్లు తమకు తెలిసిన ఊళ్లతో పోల్చి చూసుకుంటారు. మూడు పేజీల సిద్ధాంతం కన్నా ఈ ఒక్క పేరా ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

దూరాన్ని ఇన్‌స్ట్రుమెంట్‌గా పెట్టడంలో పేరున్న ఉదాహరణ డేవిడ్ కార్డ్ 1995 పేపర్. చదువు వల్ల జీతం ఎంత పెరుగుతుందో తేల్చడానికి, మనిషి పెరిగిన ఊరి దగ్గర నాలుగేళ్ల కాలేజీ ఉందా అన్నదాన్ని అమెరికాలో 3,010 మంది డేటా మీద వాడారు. మామూలు రిగ్రెషన్‌లో ఏడాది చదువుకు సుమారు 7.5 శాతం, ఇన్‌స్ట్రుమెంట్‌తో సుమారు 13 శాతం వచ్చింది. ఆ 13 శాతం చుట్టూ 95 శాతం విశ్వాస అంతరం (అసలు విలువ ఉండగల పరిధి) దాదాపు 2.4 నుంచి 23.9 దాకా పరుచుకుంది. కాలేజీలు నగరాల్లో ఉంటాయి, నగరాల్లో జీతాలు ఎక్కువ. అందుకే ఆయన నగరమా కాదా, ఏ ప్రాంతం అన్నవి కంట్రోల్స్‌లో (వాటి ప్రభావాన్ని విడదీయడానికి రిగ్రెషన్‌లో చేర్చే అంశాల్లో) పెట్టాల్సి వచ్చింది. మీకు మండల కేంద్రం ఎలాగో ఆయనకు నగరం అలాగ.

కాబట్టి మొదట చేయాల్సింది ఇది. ప్రతి ఊరి నుంచి మండల కేంద్రానికి, మార్కెట్ యార్డుకు, దగ్గరి జిన్నింగ్ మిల్లుకు, తారురోడ్డుకు దూరం తీయండి. 30 ఊళ్లే కాబట్టి రెండ్రోజుల పని. వాటిని రెండు స్టేజ్‌లలోనూ కంట్రోల్స్‌గా పెట్టి ఫస్ట్ స్టేజ్ మళ్లీ చూడండి. ఎఫ్ కుప్పకూలితే, మీ ఇన్‌స్ట్రుమెంట్‌లో ఉన్నది బ్యాంకు కాదు మండల కేంద్రమే అని తేలుతుంది. అది ఓటమి కాదు, తప్పుడు ఫలితం అచ్చు కాకుండా ఆగింది.

రెండో పరీక్ష ఇంకా పదునైనది. అప్పు దారి మూసుకుపోయిన రైతుల్ని విడిగా చూడండి. మీ డేటాలో కౌలు రైతులు ఉంటారు. పాస్‌బుక్ భూమి యజమాని పేరు మీద ఉంటుంది కనుక వాళ్లలో ఎక్కువమందికి బ్యాంకు పంట అప్పు అందదు. వడ్డీ వ్యాపారి దగ్గరో, ఎరువుల షాపులో ఉద్దెరకో తెచ్చుకుంటారు. బ్యాంకు దగ్గరున్న కౌలు రైతుకూ ఎకరాకు వెయ్యి రూపాయలు ఎక్కువ వస్తుంటే, ఆ వెయ్యి బ్యాంకు అప్పు వల్ల వచ్చింది కాదు. 2011 కౌలుదారుల చట్టం కింద రుణ అర్హత కార్డు ఉన్నవాళ్లని, ఎంతోకొంత సొంత భూమి కూడా ఉన్నవాళ్లని ఈ గుంపులోంచి తీసేయండి, లేకపోతే పరీక్ష కలుషితమవుతుంది.

ఇలాంటి పరీక్షకు మన దేశంలోనే చక్కని నమూనా ఉంది. వర్షపాతాన్ని ఆదాయానికి ఇన్‌స్ట్రుమెంట్‌గా పెట్టి, ఆదాయం పడిపోతే ఘర్షణలు పెరుగుతాయా అని చూసే పద్ధతి 2004లో మిగెల్, సత్యనాథ్, సెర్జెంటి ఆఫ్రికా మీద రాసిన పేపర్ తర్వాత బాగా వ్యాపించింది. హెదర్ సార్సన్స్ 2015లో భారత జిల్లాల డేటా తీసుకుని, ఆనకట్టల దిగువన నీరందే జిల్లాలను విడిగా చూశారు. అక్కడ ఆదాయం వర్షం మీద అంతగా ఆధారపడదు. అయినా వర్షానికీ అల్లర్లకూ ఉన్న సంబంధం అక్కడ తగ్గలేదు. అంటే వర్షం అల్లర్లను ఆదాయం కాని దారుల్లో కూడా తాకుతోందన్నమాట. మీ కౌలు రైతులు మీకు ఆ దిగువ జిల్లాల్లాంటివాళ్లు.

ఇక బలహీనత సంగతి. మీరు ఇచ్చిన 7.8 సాఫ్ట్‌వేర్ మామూలుగా ఇచ్చే ఎఫ్. అది 600 కుటుంబాలకూ 600 స్వతంత్ర సమాచారాలు ఉన్నట్టు లెక్కేస్తుంది. కానీ మీ ఇన్‌స్ట్రుమెంట్ ఊరి స్థాయిది. మీ దగ్గర నిజానికి ఉన్నవి 30 దూరాలు. ఒకే ఊరి కుటుంబాల మధ్య సహసంబంధం 0.1 అనుకున్నా, ఊరికి 20 కుటుంబాలకు అంచనా వేరియెన్స్ (అటూఇటూ ఊగే తీరు) 1 + 19 × 0.1 = 2.9 రెట్లవుతుంది. 7.8ని 2.9తో భాగిస్తే దాదాపు 2.7. మీ అసలు ఎఫ్ 7.8 కాదు, మూడు దరిదాపుల్లో ఉండొచ్చు. ఊరి స్థాయిలో క్లస్టర్ చేసి, అంటే ఒకే ఊరి కుటుంబాల్ని ఒక గుంపుగా లెక్కించి, మళ్లీ తీయండి. రెండు మూడు ఊళ్లకు ఒకే బ్రాంచి అయితే బ్రాంచి స్థాయిలో క్లస్టర్ చేయాలి. 30 క్లస్టర్లంటే తక్కువే, గుంపులు తక్కువున్నప్పుడు వాడే వైల్డ్ బూట్‌స్ట్రాప్ పద్ధతితో కూడా సరిచూడండి.

ఎఫ్ ఎంతుంటే చాలు? పది దాటాలన్న నియమం స్టైగర్, స్టాక్ 1997 పేపర్ నుంచి వచ్చింది. ఒక ఇన్‌స్ట్రుమెంట్‌కు స్టాక్, యోగో పట్టికలో తరచూ వాడే హద్దు 16.38, అది కూడా ఎర్రర్లు ఒకే తీరున ఉన్నాయన్న ఊహ మీద. 2022లో లీ, మెక్రేరీ, మొరేరా, పోర్టర్ చూపించింది ఇంకా కఠినం: టీ విలువను (అంచనా సున్నాకు ఎంత దూరమో చెప్పే అంకెను) 1.96తో పోల్చి 5 శాతం పరీక్ష అని చెప్పుకోవాలంటే ఎఫ్ 104.7 ఉండాలి, ఎఫ్ పదే అయితే 1.96 బదులు 3.43 వాడాలి. మీరు ఈ హద్దుల మధ్య ఎటూ తేల్చుకోలేక తిరగాల్సిన పనిలేదు. ఆండర్సన్-రూబిన్ విశ్వాస అంతరం ఇచ్చేయండి, ఇన్‌స్ట్రుమెంట్ ఎంత బలహీనమైనా అది చెల్లుతుంది.

దాన్ని చేత్తో కూడా చేయొచ్చు. అప్పు ప్రభావం ఫలానా విలువ అనుకోండి, సున్నా నుంచి మొదలుపెట్టి 500 చొప్పున పెంచుతూ, తగ్గిస్తూ పోండి. ప్రతిసారీ ఆదాయంలోంచి ఆ విలువ ఇంటూ అప్పును తీసేసి, మిగిలినదాన్ని దూరం మీద, కంట్రోల్స్ మీద రిగ్రెస్ చేయండి. దూరం గుణకం సిగ్నిఫికెంట్ కాకపోతే, అంటే సున్నా అయ్యుండొచ్చనిపిస్తే, ఆ విలువ అంతరంలో ఉన్నట్టు. క్లస్టర్ ఎఫ్ సుమారు నాలుగు కన్నా తక్కువైతే ఈ అంతరానికి హద్దే ఉండదు, కనీసం ఒక వైపు అనంతం దాకా పోతుంది. అప్పుడు డేటా మీకు చెప్తున్నది ఒక్కటే: ఈ ఇన్‌స్ట్రుమెంట్‌తో ఈ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు అని. దాన్ని దాచి 15,000 అని రాయడం తప్పు.

ఎఫ్ పెరగడం కోసం దూరాన్ని ముక్కలు చేసి, కులంతో, భూమి విస్తీర్ణంతో గుణించి పది ఇన్‌స్ట్రుమెంట్లు తయారు చేయాలనిపిస్తుంది. దయచేసి చేయకండి. ఆంగ్రిస్ట్, క్రూగర్ 1991లో పుట్టిన త్రైమాసికాన్ని చదువుకు ఇన్‌స్ట్రుమెంట్‌గా పెట్టి, రాష్ట్రంతో, పుట్టిన ఏడాదితో గుణించిన ఇన్‌స్ట్రుమెంట్లు కూడా వాడారు. 1995లో బౌండ్, జేగర్, బేకర్ అసలు త్రైమాసికాల స్థానంలో యాదృచ్ఛికంగా పుట్టించిన అంకెలు పెట్టి చూస్తే దాదాపు అలాంటి ఫలితాలే వచ్చాయి, స్టాండర్డ్ ఎర్రర్లు (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే అంకెలు) కూడా చూడడానికి ముచ్చటగానే ఉన్నాయి. లక్షల మంది డేటాలోనే అలా జరిగితే 600 కుటుంబాల సంగతి చెప్పక్కర్లేదు. బలహీన ఇన్‌స్ట్రుమెంట్లు ఎక్కువైన కొద్దీ టూ-స్టేజ్ అంచనా మామూలు రిగ్రెషన్ వైపే జారిపోతుంది.

రెండో ఇన్‌స్ట్రుమెంట్‌గా సహకార సంఘం దూరాన్ని చేర్చి హాన్సెన్ పరీక్ష పాసయ్యామని రాయడమూ చూస్తుంటాను. ఆ పరీక్ష రెండు ఇన్‌స్ట్రుమెంట్లు ఒకే జవాబు ఇస్తున్నాయా అని మాత్రమే అడుగుతుంది. సంఘం ఆఫీసు, బ్యాంకు రెండూ ఒకే వీధిలో ఉంటే రెండూ ఒకే తప్పు చెప్తాయి, పరీక్ష హాయిగా పాసవుతుంది.

చేతిపనిలో జరిగే తప్పులు కొన్ని:

రెండు స్టేజ్‌లను విడివిడిగా చేత్తో నడపొద్దు. గుణకం సరిగానే వస్తుంది కానీ స్టాండర్డ్ ఎర్రర్లు తప్పు, ఎందుకంటే రెండో స్టేజ్ అవశేషాలను అసలు అప్పుతో కాకుండా అంచనా వేసిన అప్పుతో లెక్కేస్తుంది. స్టాటా సాఫ్ట్‌వేర్‌లో ఐవీరెగ్2, ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఫిక్సెస్ట్ లాంటివి ఇదంతా సరిగా చూసుకుంటాయి.

అప్పు అవును-కాదు కదా అని ఫస్ట్ స్టేజ్‌లో ప్రాబిట్ (అవును-కాదు జవాబులకు వాడే, సరళరేఖ కాని మోడల్) నడిపి ఆ అంచనాను రెండో స్టేజ్‌లో అప్పు స్థానంలో పెట్టొద్దు. ప్రాబిట్ రూపం తప్పైతే గుణకం కూడా తప్పే. ఫస్ట్ స్టేజ్ సాదా లీనియర్‌గా ఉంచండి. ప్రాబిట్ అంచనా అంతగా కావాలంటే దాన్ని ఇన్‌స్ట్రుమెంట్‌గా వాడండి, ప్రత్యామ్నాయంగా కాదు.

ఎరువుల ఖర్చును కంట్రోల్స్‌లో పెట్టొద్దు. అప్పు పని చేసేదే ఆ దారిలో. మీ పట్టికలో అది కనిపించింది, తీసేయండి. బోరు కూడా అప్పుకు ముందున్నదైతేనే పెట్టండి.

మరో చిక్కు తక్కువమంది గమనిస్తారు. మీరు అప్పును ఉంది-లేదు అని కొలిచారు. కానీ బ్యాంకు దగ్గరుంటే ఇప్పటికే అప్పున్న రైతుకు కూడా రెన్యువల్ సకాలంలో అయి, మొత్తం పెరగొచ్చు. అది కూడా పక్కదారే అవుతుంది, 15,000ను పెంచి చూపిస్తుంది. ఎకరాకు ఎంత అప్పు అన్న కొలతతో కూడా నడిపి చూడండి.

15,000 నిజమే అనుకున్నా అది ఎవరి గురించి? ఇంబెన్స్, ఆంగ్రిస్ట్ 1994లో తేల్చింది ఇదే: ఇన్‌స్ట్రుమెంట్ వల్ల నిర్ణయం మారినవాళ్ల సగటు ప్రభావమే మనకు దొరుకుతుంది. 2021 నోబెల్ బహుమతిలో సగం వాళ్లిద్దరికి, మిగతా సగం కార్డ్‌కు వచ్చింది. పదెకరాల పట్టాదారు బ్యాంకు 20 కిలోమీటర్లున్నా బండి వేసుకెళ్లి అప్పు తెచ్చుకుంటాడు. పాస్‌బుక్ లేనివాడికి ఎదురింట్లోనే బ్రాంచి ఉన్నా రాదు. మీ అంకె మధ్యలో ఉన్న 8 శాతం మంది గురించి మాత్రమే. వాళ్లెవరో, వాళ్ల భూమి ఎంతో, బోరు ఉందో లేదో ఒక చిన్న పట్టికలో చూపించండి. ‘తెలంగాణ పత్తి రైతుకు పంట అప్పు వల్ల 15,000’ అని మాత్రం రాయొద్దు.

లాటరీ ఉన్నా ఈ జాగ్రత్త తప్పదని మన నగరంలోనే జరిగిన అధ్యయనం చూపిస్తుంది. బెనర్జీ, డఫ్లో, గ్లెనర్‌స్టర్, కినన్ హైదరాబాద్‌లోని 104 బస్తీల్లో సగాన్ని లాటరీతో ఎంచి, అక్కడ ముందుగా స్పందన మైక్రోఫైనాన్స్ శాఖలు తెరిచేలా చేసి ఫలితాలు చూశారు. మొదటి విడత సర్వే నాటికి మైక్రోఫైనాన్స్ అప్పున్న కుటుంబాల్లో రెండు రకాల బస్తీల మధ్య తేడా ఎనిమిది, తొమ్మిది శాతం పాయింట్లే. వాళ్లు ప్రధానంగా చెప్పింది శాఖ వచ్చిన బస్తీకీ రాని బస్తీకీ మధ్య తేడా గురించే. ఆ తేడాను 0.08తో భాగించి ‘ఒక అప్పు ప్రభావం ఇంత’ అనాలంటే, అప్పు తీసుకోని కుటుంబాన్ని శాఖ ఏ విధంగానూ తాకలేదని నమ్మాలి. పక్కింటి కిరాణా కొట్టు పెరిగితే ఈ ఇంటి గిరాకీ మారదా? లాటరీ ఇన్‌స్ట్రుమెంట్‌ను యాదృచ్ఛికం చేస్తుంది, పక్కదారుల్ని మూయదు.

మరి మీరేం చేయాలి? దూరం బదులు నియమం కోసం వెతకండి. బర్జెస్, పాండే 2005లో మన దేశపు గ్రామీణ బ్యాంకుల మీద రాసిన పేపర్‌లో వాడుకున్నది దూరాన్ని కాదు, 1977 నుంచి 1990 దాకా నడిచిన లైసెన్సు నిబంధనను. బ్యాంకున్న చోట ఒక బ్రాంచి కావాలంటే, లేని చోట్ల నాలుగు తెరవాలి. ఆ నిబంధన వచ్చినప్పుడు, పోయినప్పుడు బ్రాంచీల విస్తరణ దిశ మారింది, ఆ మార్పునే వాళ్లు పట్టుకున్నారు.

మీ సర్వేలో పాత అప్పుల చరిత్ర ఉంటే 2008 రుణమాఫీ గీత ఉంది. 2 హెక్టార్ల లోపు భూమి ఉన్నవాళ్లకు అర్హమైన బకాయి మొత్తం మాఫీ, ఆ పైవాళ్లు 75 శాతం కడితే 25 శాతం రాయితీ. గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లని పోల్చడం కూడా ఇన్‌స్ట్రుమెంట్ పద్ధతే. కానీ అక్కడా రెండు గుంటలు చూసి నడవాలి. మన రైతులు భూమిని ‘అయిదెకరాలు’ అని గుండుగుత్తగా చెప్తారు, 2 హెక్టార్లంటే 4.94 ఎకరాలు; సర్వేలో చెప్పిన మాట కాకుండా బ్యాంకు రికార్డులోని విస్తీర్ణం కావాలి. పైగా చిన్న రైతు అనే నిర్వచనం కూడా ఆ గీత దగ్గరే, కాబట్టి వేరే సబ్సిడీలు అక్కడ మారుతున్నాయేమో చూసుకోవాలి.

ఇవేవీ కుదరకపోతే, ఊళ్లు 30కే పరిమితమైతే, అధ్యాయాన్ని ఇలా రాయండి. మామూలు రిగ్రెషన్ ఫలితం పెట్టి, అందులో రైతు సత్తువ కలిసి ఉందని చెప్పండి. దాని పక్కన దూరానికీ ఆదాయానికీ ఉన్న నేరు సంబంధం, అంటే ఆ 1,200, క్లస్టర్ ఎర్రర్లతో పెట్టండి. కౌలు రైతుల పరీక్ష, 960 రూపాయల లెక్క, ఆండర్సన్-రూబిన్ అంతరం పెట్టండి. గైడ్ గారికి ముందుగా చూపించాల్సింది కౌలు రైతుల పట్టిక. దానికన్నా ముందు ఒక పని: ఆ 30 ఊళ్లకు దగ్గరున్న ఒక్కో బ్రాంచి ఏ ఏడాది తెరిచారు, అక్కడే ఎందుకు తెరిచారు అని బ్రాంచి మేనేజర్లని, ఊరి పెద్దల్ని అడిగి ఒక వరుస చొప్పున రాయండి. ‘ఇక్కడ పత్తి బాగా పండుతుంది, డిపాజిట్లు వస్తాయని’ అన్న జవాబు ఆ 30 వరుసల్లో ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టండి.